ఉద్యోగి చేసిన తప్పుకు యజమాని ఎప్పుడు బాధ్యుడు? ఒక సంఘటనను చట్టం దృష్టితో పరిశీలించే విధానం

సరుకులు చేరవేసే వ్యాన్ డ్రైవర్ ఫోన్ చూస్తూ బండి నడిపి, రోడ్డు దాటుతున్న మనిషిని ఢీకొట్టాడనుకుందాం. తప్పు డ్రైవర్‌దే అనడంలో సందేహం లేదు. అయితే గాయపడిన మనిషికి ఆసుపత్రి ఖర్చులూ, పోయిన జీతమూ, మిగిలిపోయిన వైకల్యానికి పరిహారమూ ఇచ్చే స్తోమత ఆ డ్రైవర్‌కు సాధారణంగా ఉండదు. అప్పుడు బాధితుడు సహజంగానే వ్యాన్ మీద రాసి ఉన్న సంస్థ పేరు వైపు చూస్తాడు. ఆ సంస్థ కూడా అంతే సహజంగా, "మేం అలా నడపమని చెప్పలేదు" అంటుంది. చట్టం ఈ ఇద్దరి మాటలనూ ఉన్నవి ఉన్నట్టుగా అంగీకరించదు. కొన్ని ప్రశ్నలను ఒక వరుసలో అడిగి, వాటి జవాబులను బట్టి నిర్ణయిస్తుంది. ఆ ప్రశ్నలు ఏమిటో, వాటికి జవాబు ఎలా వెతకాలో బాధితులకూ యజమానులకూ ఉపయోగపడేలా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడ చర్చిస్తున్న సూత్రాన్ని న్యాయవాదులు వైకేరియస్ లయబిలిటీ అంటారు. తెలుగులో పరోక్ష బాధ్యత అని చెప్పుకోవచ్చు. యజమాని స్వయంగా ఏ తప్పూ చేయకపోయినా, ఉద్యోగిని ఎంతో జాగ్రత్తగా ఎంపిక చేసుకుని, చక్కగా శిక్షణ ఇచ్చి ఉన్నా, ఉద్యోగి తన పనిలో భాగంగా ఇతరులకు కలిగించిన నష్టానికి పరిహారం చెల్లించవలసి రావడమే దీని ప్రత్యేకత. మొదటిసారి వినేవారికి ఇది అన్యాయంగా తోస్తుంది. కానీ ఉద్యోగి శ్రమ వల్ల వచ్చే లాభం యజమానిది. ఆ పని వల్ల సమాజంలో పుట్టే ప్రమాదమూ ఆయన నడిపే వ్యాపారంలో భాగమే. బీమా చేయించుకునే వీలు, ధరల్లోనో ఖర్చుల్లోనో ఆ భారాన్ని సర్దుకునే వీలు ఉన్నది ఆయనకే. ఈ కారణాలన్నీ కలిసి ఈ సూత్రాన్ని నిలబెట్టాయి. నా ఉద్దేశంలో వీటన్నిటిలోకీ బలమైనది రెండో కారణం. ప్రమాదాన్ని సృష్టించే పనిని నడిపేవారే దాని మూల్యాన్ని భరించాలి తప్ప, ఆ దారిన పోతున్న మనిషి భరించకూడదు.

ముందుగా తప్పును గుర్తించండి

యజమాని వైపు చూసే ముందు, ఉద్యోగి చేసినది చట్టం దృష్టిలో తప్పు అవునో కాదో తేల్చుకోవాలి. నిర్లక్ష్యం, దాడి, మోసం, పరువు నష్టం, అక్రమ నిర్బంధం, ఇతరుల ఆస్తిని సొంతం చేసుకోవడం వంటి అపకృత్యాలు (బాధితుడు పరిహారం కోరదగిన తప్పులు) సాధారణంగా ఈ కోవలోకి వస్తాయి. ఉద్యోగి తగినంత జాగ్రత్త తీసుకున్నా ప్రమాదం జరిగిపోయిందని తేలితే, ఉద్యోగి బాధ్యుడు కాడు కాబట్టి అతని ద్వారా యజమాని మీదికి వచ్చే బాధ్యత కూడా ఉండదు. చాలా దావాలు ఇక్కడే వీగిపోతాయి. బాధితుడు సంస్థ ఎంత పెద్దదో, ఎంత కఠినంగా ప్రవర్తించిందో చెప్పడం మీద శ్రద్ధ పెట్టి, ఫలానా క్షణంలో ఫలానా ఉద్యోగి ఏం చేసి ఉండవలసింది, ఏం చేశాడు అన్న అసలు విషయాన్ని రుజువు చేయడం మరచిపోవడమే దీనికి కారణం.

తప్పు చేసిన ఉద్యోగి పేరు తెలియకపోవడం మాత్రం అన్నిసార్లూ అడ్డంకి కాదు. శస్త్రచికిత్స తర్వాత సంరక్షణలో జరిగిన నిర్లక్ష్యానికి వైద్యుడు కారణమా, నర్సు కారణమా అన్నది రోగికి తెలిసే అవకాశం లేదు. 1951లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ఇటువంటి కేసులో, రోగిని చూసుకున్నవారంతా ఆసుపత్రి సిబ్బందే అయినప్పుడు, నిర్లక్ష్యం జరగలేదని వివరించవలసిన భారం ఆసుపత్రి మీదే పడుతుందన్న దృష్టితో తీర్పు ఇచ్చింది.

యజమాని బాధ్యుడైనంత మాత్రాన ఉద్యోగి తప్పించుకున్నట్టు కాదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇంగ్లండ్ న్యాయ సంప్రదాయం అనుసరించే దేశాల్లో ఇద్దరూ ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులే. బాధితుడు ఇద్దరి మీదా దావా వేయవచ్చు, ఎవరో ఒకరి దగ్గర మొత్తం పరిహారం రాబట్టుకోవచ్చు. అదే నష్టానికి రెండుసార్లు మాత్రం తీసుకోలేడు.

అతను నిజంగా ఉద్యోగేనా

రెండో ప్రశ్న సంబంధానికి చెందినది. తప్పు చేసిన మనిషి ఆ సంస్థకు ఉద్యోగా, లేక తన సొంత వ్యాపారం తాను నడుపుకునే స్వతంత్ర కాంట్రాక్టరా? ఉద్యోగి అయితే పరోక్ష బాధ్యతకు దారి ఉంటుంది; స్వతంత్ర కాంట్రాక్టర్ అయితే సాధారణంగా ఉండదు. ఇంటి పైకప్పు మరమ్మతు చేయించుకున్న మనిషి ఆ మేస్త్రీ చేసే ప్రతి తప్పుకూ జవాబుదారీ కాడు. సంస్థలకు ఈ తేడా బాగా తెలుసు. అందుకే చాలా ఒప్పందాల్లో "భాగస్వామి", "స్వతంత్ర సేవాదారు" వంటి పేర్లు కనిపిస్తాయి.

ఆ పేర్లను చూసి వెనక్కి తగ్గకండి. ఒప్పందం మీద ఏ పేరు రాసి ఉన్నా, కోర్టులు చూసేది ఆ సంబంధం వాస్తవంగా ఎలా నడిచిందన్నదే. 1968లో ఇంగ్లండ్ హైకోర్టు కాంక్రీటు రవాణా చేసే డ్రైవర్ కేసులో చెప్పిన మూడు షరతులు ఇప్పటికీ పునాదిగా ఉన్నాయి. జీతానికో ప్రతిఫలానికో ప్రతిగా ఆ మనిషి తన సొంత శ్రమను అందించడానికి ఒప్పుకోవాలి, పని చేసే తీరు మీద యజమానికి తగినంత అదుపు ఉండాలి, ఒప్పందంలోని మిగతా అంశాలు ఉద్యోగ సంబంధానికి విరుద్ధంగా ఉండకూడదు. ఆ కేసులో డ్రైవర్ లారీ మీద సంస్థ రంగులు వేయించుకుని, దాని యూనిఫాం తొడుక్కుని తిరిగినా, లారీని తానే కొనుక్కుని, దాన్ని నడిపే ఖర్చులన్నీ తానే భరిస్తూ, అవసరమైతే తన బదులు వేరే డ్రైవర్‌ను పంపే హక్కు కూడా కలిగి ఉన్నందున, అతను ఉద్యోగి కాడని కోర్టు తేల్చింది. రంగులూ యూనిఫామూ కంటికి కనిపించే గుర్తులు మాత్రమే. నష్టం వస్తే ఎవరు భరిస్తారు, లాభం వస్తే ఎవరికి చెందుతుంది అన్నవి వాటికంటే లోతైన గుర్తులు.

కాబట్టి మీరు చేయవలసిన పని కొన్ని వివరాలు రాసుకోవడం. పని వేళలు ఎవరు నిర్ణయించేవారు, పనిముట్లు ఎవరివి, సెలవు కావాలంటే ఎవరి అనుమతి అడగాలి, తన బదులు మరొకరిని పంపే వీలు ఉందా, ఒకే సంస్థకు పనిచేశాడా లేక పదిమందికి చేశాడా, పని సరిగ్గా లేకపోతే మందలించే అధికారం ఎవరిది అన్న ప్రశ్నలకు జవాబులు ఒకచోట చేరితే చిత్రం స్పష్టమవుతుంది. ఏ ఒక్క జవాబూ తనంతట తాను నిర్ణాయకం కాదు. నైపుణ్యం గల వైద్యుడికి కత్తి ఎలా పట్టుకోవాలో ఏ పాలనాధికారీ చెప్పడు, అయినా ఆసుపత్రి జీతం మీద పనిచేసే వైద్యుడు ఆసుపత్రి ఉద్యోగే.

ఈ గీత ఎక్కడ పడుతుందో చూపడానికి మంచి ఉదాహరణ 2020లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇచ్చిన బార్‌క్లేస్ బ్యాంకు తీర్పు. ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్నవారికి వైద్య పరీక్షలు చేయడానికి బ్యాంకు ఒక వైద్యుడి సేవలు తీసుకునేది. ఆ పరీక్షల్లో ఆయన తమ మీద లైంగిక దాడి చేశాడని అనేకమంది స్త్రీలు దావా వేశారు. ఆయనకు ఇతర రోగులు, ఇతర ఆదాయ మార్గాలు ఉన్నాయి, ఒక్కో పరీక్షకు ఇంత అని రుసుము తీసుకునేవాడు, పని కాదనే స్వేచ్ఛ కూడా ఉండేది. ఆయన తన సొంత వృత్తి నడుపుకుంటున్నాడు కాబట్టి బ్యాంకు బాధ్యత లేదని కోర్టు తీర్మానించింది. బాధితుల వైపు నుంచి చూస్తే ఇది బాధ కలిగించే ఫలితం. అయితే పరోక్ష బాధ్యతకు హద్దు ఎక్కడో ఇది స్పష్టంగా చెప్పింది.

అదే కోర్టు, ఉద్యోగ ఒప్పందం లేకపోయినా ఉద్యోగాన్ని పోలిన సంబంధం ఉంటే చాలని 2012లో ఒక మతసంస్థకు చెందిన ఉపాధ్యాయుల కేసులో అంగీకరించింది. ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు మాత్రం 2024లో ఆ మార్గాన్ని అనుసరించడానికి నిరాకరించి, పరోక్ష బాధ్యత ఉద్యోగ సంబంధానికే పరిమితమని చెప్పింది. సంస్థల సభ్యులూ స్వచ్ఛంద కార్యకర్తలూ చేసిన తప్పుల విషయంలో మీ దేశపు తాజా తీర్పును చూడకుండా ముందుకు వెళ్లకూడదు.

మరో చిక్కు అద్దెకు పంపిన ఉద్యోగులతో వస్తుంది. క్రేనును ఆపరేటర్‌తో సహా మరో సంస్థకు అద్దెకిస్తే, ఆ ఆపరేటర్ తప్పుకు ఎవరు బాధ్యులు? 1946లో ఇంగ్లండ్ హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం) ముందుకు వచ్చిన లివర్‌పూల్ ఓడరేవు కేసులో, ఆపరేటర్ అద్దెకు తీసుకున్నవారి ఉద్యోగిగా పరిగణించబడతాడని ఒప్పందంలో రాసుకున్నా, క్రేనును ఎలా నడపాలో చెప్పే అధికారం వారికి లేదు కాబట్టి అసలు యజమాని అయిన రేవు సంస్థే బాధ్యురాలని తేలింది. బాధ్యత బదిలీ అయిందని చూపవలసిన బరువు అసలు యజమాని మీదే ఉంటుంది, అది తేలిక బరువు కాదు. 2005లో అప్పీలు కోర్టు మరో మెట్టు ఎక్కి, అదుపు ఇద్దరి చేతుల్లోనూ ఉంటే ఇద్దరు యజమానులూ బాధ్యులు కావచ్చని అంది.

పనికీ తప్పుకూ మధ్య ముడి

ఉద్యోగి అని తేలినంత మాత్రాన సరిపోదు. ఉద్యోగి ఆదివారం సాయంత్రం తన సొంత వీధిలో పొరుగువారితో గొడవపడితే యజమానికి ఏ సంబంధమూ లేదు. ఉద్యోగ నిర్వహణ క్రమంలో తప్పు జరిగి ఉండాలి. తగాదాల్లో అధిక భాగం ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి, అందువల్ల ఇక్కడ కొంచెం నిదానంగా ఆలోచించాలి.

1907లో న్యాయశాస్త్ర రచయిత జాన్ సాల్మండ్ చెప్పిన పాత కొలమానం ఇప్పటికీ మొదటి మెట్టుగా పనికివస్తుంది. యజమాని అనుమతించిన తప్పుడు పని గానీ, యజమాని అనుమతించిన పనినే ఉద్యోగి అనుమతి లేని తప్పుడు పద్ధతిలో చేయడం గానీ ఉద్యోగ నిర్వహణ క్రమంలోకి వస్తుంది. రెండో భాగమే ముఖ్యం. ఏ యజమానీ నిర్లక్ష్యంగా నడపమని చెప్పడు. నడపమని చెబుతాడు, ఉద్యోగి నిర్లక్ష్యంగా నడుపుతాడు. కనుక అడగవలసిన ప్రశ్న "ఇలా చేయమని యజమాని చెప్పాడా" అన్నది కాదు. "ఇది అతనికి అప్పగించిన పనిని చెడుగా చేయడమా, లేక అప్పగించని పనిని చేయడమా" అన్నది.

1942లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిన పెట్రోలు ట్యాంకర్ కేసును తీసుకోండి. డ్రైవర్ పెట్రోలును భూగర్భ ట్యాంకులోకి దింపుతూ, సిగరెట్ వెలిగించుకుని అగ్గిపుల్ల కింద పడేశాడు. మంటలు లేచి ఆస్తి నష్టం జరిగింది. సిగరెట్ కాల్చడం అతని సొంత సుఖం కోసమే, యజమాని కోసం కాదు. అయినా ఆ క్షణంలో అతను చేస్తున్న పని పెట్రోలు దింపడం, ఆ పనిని ప్రమాదకరంగా చేశాడు కాబట్టి యజమాని బాధ్యుడయ్యాడు. దీనికి భిన్నంగా 1900లో ఒక బస్సు కండక్టర్ డ్రైవర్ లేని సమయంలో బస్సును తానే తిప్పబోయి ప్రమాదం చేసినప్పుడు కంపెనీ బాధ్యత లేదని తీర్పు వచ్చింది. టికెట్లు ఇవ్వడం అతని పని; బస్సు నడపడం కూడా అతని పనేనని బాధితుడు చూపలేకపోయాడు.

నిషేధం విషయంలో యజమానులు తరచుగా పొరబడతారు. "మేం రాతపూర్వకంగా వద్దని చెప్పాం" అన్నది గెలిపించే సమాధానమని వారి నమ్మకం. 1862లోనే ఇది చెల్లదని తేలింది. లండన్ జనరల్ ఆమ్నిబస్ కంపెనీ తన డ్రైవర్లకు ఇతర బస్సులతో పోటీ పడవద్దని, వాటికి అడ్డం రావద్దని కార్డుల మీద ముద్రించి ఇచ్చింది. ఒక డ్రైవర్ పోటీ బస్సుకు అడ్డం వెళ్లి దాన్ని దెబ్బతీశాడు. అతను బస్సు నడపడానికి నియమితుడు, ప్రయాణికులను తన బస్సు ఎక్కించుకోవడానికే అలా చేశాడు, కాబట్టి కంపెనీ బాధ్యురాలే. పనిని ఎలా చేయాలో చెప్పే నిషేధం యజమానిని కాపాడదు. ఏ పని అసలు అతనిది కాదో చెప్పే నిషేధం కాపాడవచ్చు. ఈ రెండింటి మధ్య గీత అన్నివేళలా సూటిగా ఉండదు. 1946లో, వ్యాన్‌లో ఎవరినీ ఎక్కించుకోకూడదన్న నోటీసు ఉన్నా డ్రైవర్ ఒకరిని ఎక్కించుకుని ప్రమాదం చేస్తే యజమాని తప్పించుకున్నాడు. 1976లో, పాలు పోసే ఉద్యోగి నిషేధాన్ని మీరి పదమూడేళ్ల బాలుడిని సహాయకుడిగా పెట్టుకుని బండి మీద తిప్పుతూ గాయపరిస్తే యజమాని బాధ్యుడయ్యాడు. రెండో కేసులో ఆ బాలుడు ఉన్నది పాలు పంచే పని కోసం, అంటే యజమాని వ్యాపారం కోసమేనన్నదే తేడా.

దారి తప్పడం మరో పాత చిక్కు. 1834లో న్యాయమూర్తి బ్యారన్ పార్క్, యజమాని పని మీద వెళ్తున్న ఉద్యోగి మధ్యలో చిన్న పక్కదారి పట్టినా యజమాని బాధ్యుడేనని, యజమాని పనితో ఏ సంబంధమూ లేని సొంత షికారుకు వెళ్తే మాత్రం కాడని చెప్పారు. 1869లో, సరుకు అందించాక ఖాళీ సీసాలతో తిరిగి రావలసిన బండివాడు గుమాస్తా సొంత పని మీద వేరే దిక్కుకు వెళ్లి ప్రమాదం చేసినప్పుడు అది కొత్త ప్రయాణమని కోర్టు భావించింది. ఇటువంటి సంఘటనను పరిశీలించేటప్పుడు పటం మీద దారిని గీసి చూడండి. ఎంత దూరం పక్కకు వెళ్లాడు, ఎంతసేపు, ఏ ఉద్దేశంతో, ప్రమాదం జరిగేసరికి మళ్లీ పని దారిలోకి వచ్చాడా అన్నవి పక్కపక్కనే కనిపిస్తాయి. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి సాగే రోజువారీ ప్రయాణం సాధారణంగా ఉద్యోగంలో భాగం కాదు. జీతం లెక్కలోకి వచ్చే పని వేళల్లో, ఒక పని చోటు నుంచి మరో చోటుకు చేసే ప్రయాణం సాధారణంగా భాగమే.

కావాలని చేసిన తప్పులు అన్నిటికంటే కఠినమైనవి. ఉద్యోగి దొంగతనం చేస్తే, కొడితే, లైంగిక దాడి చేస్తే అది "అనుమతించిన పనిని చెడుగా చేయడం" అనడానికి నోరు రాదు. అయినా యజమానిని పూర్తిగా వదిలేస్తే, నమ్మి వచ్చినవారికి జరిగే ఘోరమైన అన్యాయానికి పరిహారమే దొరకదు. 1912లో హౌస్ ఆఫ్ లార్డ్స్, న్యాయవాద సంస్థలోని ఒక గుమాస్తా ఒక వితంతువును మోసగించి ఆమె ఆస్తిని తన పేరిట రాయించుకున్న కేసులో, సంస్థకు పైసా లాభం రాకపోయినా సంస్థే బాధ్యురాలని చెప్పింది. ఆస్తి పత్రాల పని చూడమని సంస్థ అతన్ని కూర్చోబెట్టింది, ఆమె సంస్థను నమ్మి అతని ముందు సంతకం చేసింది.

ఆధునిక పరీక్ష 1999లో కెనడా సుప్రీంకోర్టు, 2001లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన తీర్పులతో రూపుదిద్దుకుంది. రెండూ పిల్లల వసతి గృహాల్లో సంరక్షకులే పిల్లల మీద జరిపిన లైంగిక దాడులకు సంబంధించినవి. ఉద్యోగికి అప్పగించిన పనికీ అతను చేసిన తప్పుకూ ఎంత సన్నిహిత సంబంధం ఉంది, ఆ పని స్వభావమే అటువంటి తప్పు జరిగే ప్రమాదాన్ని పెంచిందా అన్నది ఇప్పుడు చూడవలసిన విషయం. పిల్లలను చూసుకోవడం, పడుకోబెట్టడం, వారి మీద అధికారం చలాయించడం ఆ ఉద్యోగంలోనే ఉన్నాయి. అదే వసతి గృహంలో తోటపని చేసే ఉద్యోగి అదే నేరం చేస్తే జవాబు వేరుగా ఉండవచ్చు. ఉద్యోగం అవకాశం ఇచ్చినంత మాత్రాన చాలదు. ఆ అధికారాన్ని, ఆ నమ్మకాన్ని ఉద్యోగమే చేతికి ఇచ్చి ఉండాలి.

ఒకే సూపర్‌మార్కెట్ సంస్థ మీద వచ్చిన రెండు తీర్పులను పక్కపక్కన పెడితే ఈ తేడా బాగా బోధపడుతుంది. మొదటి దానిలో పెట్రోలు బంకులో పనిచేసే ఉద్యోగి, ఏదో అడగడానికి వచ్చిన వినియోగదారుణ్ణి దూషించి, కారు దాకా వెంబడించి కొట్టాడు. వినియోగదారులతో మాట్లాడటమే అతని పని, దూషణ నుంచి దాడి దాకా అది తెగని ఒకే వరుస అని 2016లో బ్రిటన్ సుప్రీంకోర్టు సంస్థను బాధ్యురాలిని చేసింది. రెండో దానిలో అంతర్గత ఆడిటర్ ఒకడు తనకు అప్పగించిన జీతాల సమాచారాన్ని కాపీ చేసుకుని, దాదాపు లక్షమంది ఉద్యోగుల వివరాలను ఇంటర్నెట్‌లో పెట్టాడు. సంస్థ మీద కక్ష తీర్చుకోవడమే అతని ఉద్దేశం. 2020లో అదే కోర్టు, సమాచారం అతని చేతికి వచ్చింది ఉద్యోగం వల్లే అయినా, యజమానినే దెబ్బతీయాలన్న సొంత పగతో చేసిన పని ఉద్యోగంలో భాగం కాదని చెప్పింది.

డబ్బు వ్యవహారాల్లో జాగ్రత్తగా గమనించవలసిన తీర్పు 1978లో భారత సుప్రీంకోర్టు ఇచ్చింది. స్టేట్ బ్యాంకు ఖాతాదారు ఒకరు జమ చేయమని ఒక బ్యాంకు ఉద్యోగికి వ్యక్తిగత పరిచయం మీద డబ్బు ఇస్తే, అతను దాన్ని వాడుకున్నాడు. అతను ఆ డబ్బును బ్యాంకు ఉద్యోగి హోదాలో కాక ఖాతాదారు తరఫు మనిషిగా తీసుకున్నాడు కాబట్టి బ్యాంకు బాధ్యత లేదని కోర్టు నిర్ణయించింది. తెలిసినవాడు కదా అని సంస్థ ఉద్యోగి చేతిలో రసీదు లేకుండా డబ్బు పెట్టే ప్రతివారూ గుర్తుంచుకోవలసిన తీర్పు ఇది.

యజమాని స్వయంగా చేసిన తప్పు

పరోక్ష బాధ్యత కుదరకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. హింసాత్మక చరిత్ర ఉన్నవాడని తెలిసీ, లేదా తెలుసుకోగలిగి ఉండీ కాపలా ఉద్యోగంలో పెట్టుకోవడం, ఫిర్యాదులు వచ్చినా పట్టించుకోకపోవడం, శిక్షణ లేనివారి చేతికి ప్రమాదకరమైన యంత్రం ఇవ్వడం యజమాని సొంత నిర్లక్ష్యం. కాంట్రాక్టర్ చేసిన తప్పు విషయంలో కూడా కొన్ని బాధ్యతలను మరొకరికి అప్పగించి చేతులు దులుపుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఈత పాఠాలను బయటివారికి అప్పగించిన పాఠశాల కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు 2013లో ఇలాగే నిర్ణయించింది. కాబట్టి దావాలో రెండు వాదాలనూ వేర్వేరుగా, స్పష్టంగా రాయించుకోవడం మంచిది.

దేశాన్ని బట్టి కూడా ఈ రెంటి మధ్య గీత మారుతుంది. ఫ్రాన్స్ సివిల్ కోడ్‌లో, ఇప్పుడు 1242గా ఉన్న నిబంధన కింద, యజమాని తాను జాగ్రత్తగానే ఉన్నానని చూపి తప్పించుకోలేడు. జర్మనీ సివిల్ కోడ్ 831వ సెక్షన్ కింద మాత్రం, ఉద్యోగిని ఎంపిక చేయడంలో, పర్యవేక్షించడంలో తగిన శ్రద్ధ చూపానని రుజువు చేస్తే తప్పించుకోగలడు. పనిచోట లైంగిక వేధింపుల వంటి విషయాల్లో ప్రత్యేక చట్టాలు మరో పద్ధతి అనుసరిస్తాయి. బ్రిటన్ 2010 సమానత్వ చట్టం కింద, నివారణకు సహేతుకమైన చర్యలన్నీ తీసుకున్నానని యజమాని చూపగలిగితే అది రక్షణ అవుతుంది. నేరం విషయం వేరు. ఉద్యోగి నేరానికి యజమానికి శిక్ష పడాలంటే సాధారణంగా చట్టంలో అందుకు ప్రత్యేకమైన నిబంధన ఉండాలి.

ప్రభుత్వం యజమాని అయినప్పుడు

ప్రభుత్వ ఉద్యోగుల తప్పులకు పాత రోజుల్లో రాజు తప్పు చేయడన్న సిద్ధాంతం అడ్డు నిలిచేది. అమెరికా 1946లోనూ, బ్రిటన్ 1947లోనూ చట్టాలు చేసి ఆ అడ్డును చాలావరకు తొలగించాయి. భారతదేశంలో ప్రభుత్వం మీద దావా వేసే వీలు గురించి చెప్పే రాజ్యాంగం 300వ అధికరణం మీద ఆధారపడిన తీర్పుల వరుస ఉంది. మరమ్మతు నుంచి తిరిగి తెస్తున్న ప్రభుత్వ జీపు ప్రమాదానికి రాష్ట్రం బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు 1962లో చెప్పింది. 1964లో మాత్రం, పోలీసులు స్వాధీనం చేసుకున్న బంగారాన్ని ఒక పోలీసే కాజేసిన కేసులో, అది సార్వభౌమ అధికారం (పాలకుడిగా ప్రభుత్వం ఒక్కటే వాడగల అధికారం) కింద జరిగిన పని కాబట్టి రాష్ట్రం బాధ్యత లేదంది. ఆ రెండో తీర్పు చాలాకాలం బాధితులను నిరాశపరిచింది. 1993లో పోలీసు కస్టడీ మరణం కేసులో ప్రాథమిక హక్కుల ఉల్లంఘనకు నేరుగా పరిహారం ఇప్పించడంతోనూ, 1994లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఎరువుల వ్యాపారి కేసులో సార్వభౌమాధికార వాదాన్ని బాగా కుదించడంతోనూ సుప్రీంకోర్టు దాని ప్రభావాన్ని తగ్గించింది. ప్రభుత్వ శాఖ మీద దావాకు ముందస్తు నోటీసు వంటి ప్రత్యేక నియమాలు ఉంటాయి, వాటిని ముందే చూసుకోవాలి.

బాధితులు చేయవలసిన పనులు

రుజువు భారం దావా వేసినవారిదే కాబట్టి, సంఘటన జరిగిన రోజే పని మొదలవ్వాలి. ఉద్యోగి ధరించిన యూనిఫాం, గుర్తింపు కార్డు, వాహనం మీది పేరు, ఇచ్చిన రసీదు, జరిగిన సమయం, అతను ఆ క్షణంలో ఏం చేస్తున్నాడన్నది, చూసినవారి వివరాలు వెంటనే నమోదు చేసుకోండి. వీడియో కెమెరా దృశ్యాలను కొద్దిరోజుల్లోనే చెరిపేసే సంస్థలు ఉంటాయి. వాటిని భద్రపరచమని రాతపూర్వకంగా కోరడం ఆలస్యం చేయకూడదు. పని సంబంధాన్ని చూపే డ్యూటీ పట్టికలు, ప్రయాణ రికార్డులు, ఒప్పందాలు సంస్థ చేతిలోనే ఉంటాయి, వాటిని దాఖలు చేయించమని కోర్టును కోరే వీలు ఉంటుంది. వాహనం విషయంలో ఒక సౌలభ్యం ఉంది: వాహనం ఫలానావారిదని రుజువైతే, నడిపినవాడు వారి ఉద్యోగిగానో తరఫు మనిషిగానో నడిపాడని కోర్టు ప్రాథమికంగా ఊహించవచ్చు, కాదని చూపడం యజమాని పని. అయితే ఆ ఊహ వీగిపోగలదు. టాక్సీగా నడపమని అప్పగించిన బండిని డ్రైవర్ మరొకరికి లైసెన్సు పరీక్ష కోసం ఇచ్చినప్పుడు యజమాని బాధ్యుడు కాడని భారత సుప్రీంకోర్టు 1966లో తేల్చింది.

దావా వేయడానికి కాలపరిమితి దేశాన్ని బట్టి, తప్పు రకాన్ని బట్టి మారుతుంది. సంస్థతో రాజీ చర్చలు నడుస్తున్నాయన్న కారణంతో ఆ గడువు సాధారణంగా ఆగదు. కనుక న్యాయవాదిని అడగవలసిన మొదటి ప్రశ్న గడువు గురించే. ఉద్యోగినీ యజమానినీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చడం సాధారణంగా క్షేమం, ఒకరు మరొకరి మీద నెపం నెట్టినా ఇద్దరూ కోర్టు ముందే ఉంటారు.

యజమాని స్థానంలో ఉన్నవారికి

ప్రమాదం జరిగిన వెంటనే బీమా సంస్థకు తెలియజేయండి. ఆలస్యం పాలసీనే దెబ్బతీయవచ్చు. బీమా సంస్థను అడగకుండా తప్పును అంగీకరిస్తూ లేఖలు రాయకండి, కానీ గాయపడినవారికి సాయం చేయడాన్ని ఆపకండి. సూచనలను కాగితం మీద ఉంచి ఊరుకోవడం చాలదని 1862 నాటి బస్సు కేసు చూపింది కాబట్టి, ఏ పని ఎవరిదో స్పష్టంగా విభజించండి. పిల్లలతోనూ, రోగులతోనూ, ఇతరుల డబ్బుతోనూ ఒక్క ఉద్యోగి ఎవరి కంటా పడకుండా ఒంటరిగా ఉండే ఏర్పాటును వీలైనంత వరకు మార్చండి. తప్పు జరిగితే బాధ్యత మీ మీదికి వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నది ఆ చోట్లలోనే, మనుషులకు తిరిగిరాని హాని జరిగేదీ అక్కడే.

చెల్లించిన పరిహారాన్ని ఉద్యోగి దగ్గర రాబట్టుకోవచ్చా అన్నది చివరగా వచ్చే ప్రశ్న. 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ రాబట్టుకోవచ్చని అంది. వెనక్కి నడుపుతున్న లారీతో ఒక డ్రైవర్ తన సహాయకుడైన సొంత తండ్రినే గాయపరిస్తే, పరిహారం చెల్లించిన బీమా సంస్థ యజమాని పేరిట ఆ డ్రైవర్ మీదే దావా వేసి గెలిచింది. ఆ ఫలితం ఎంత కఠినంగా అనిపించిందంటే, తర్వాత బ్రిటన్ బీమా సంస్థలు, కుమ్మక్కు గానీ ఉద్దేశపూర్వక దుష్ప్రవర్తన గానీ లేనిచోట ఆ హక్కును వాడబోమని తమలో తాము ఒప్పుకున్నాయి. ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం 2000లో మరింత ముందుకు వెళ్లి, తనకు అప్పగించిన పని హద్దుల్లోనే ఉన్న ఉద్యోగి బాధితులకు స్వయంగా బాధ్యుడు కాడని తీర్పు ఇచ్చింది. మీ దేశంలో ఈ హక్కు మిగిలి ఉన్నా, మామూలు పొరపాటు చేసిన ఉద్యోగి జీతం మీద దాన్ని ప్రయోగించే ముందు, ఆ పొరపాటు జరగడానికి పని వేళలూ, పనిభారమూ, పాడైన పనిముట్లూ ఎంతవరకు కారణమో చూడండి. ఉద్యోగి తన రక్షణలో కోర్టు ముందు పెట్టేవి అవే.